ఆవు కుంటితే ఆనాడే... అమ్మ కుంటితే యేడాదికా?

పొద్దున్నే మన కళాశాల పశువైద్యశాల ముందు ఒక గంటసేపు నిలబడి చూడండి. చీపురుపల్లి వైపు నుంచీ, గుర్ల నుంచీ, మెరకముడిదాం నుంచీ రైతులు తమ పశువుల్ని తోలుకునో, ఆటోల్లో యెక్కించుకునో వస్తూ వుంటారు. "నిన్న సాయంత్రం నుంచి కాలు కింద మోపడం నేదు బాబూ" అంటాడు ఒకాయన. "పొద్దున్న గడ్డి ముట్టనేదు" అంటుంది ఒకావిడ. నిన్న సాయంత్రం మొదలైన కుంటుకి యీ పొద్దున్నే వైద్యం! ఎంత చక్కని అలవాటు! ఆవు కుంటితే పాలు తగ్గుతాయి, యెద్దు కుంటితే దుక్కి ఆగిపోతుంది. అందుకే మన రైతు ఆగడు.

అదే రైతు యింట్లో అతని భార్యో, తల్లో ఆరునెలలుగా కుంటుతూ వుంటే? "వయసయింది కదా", "చలికాలం కదా", "వాతం లెండి" అంటాం. యిలా అన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. అందుకే యీ వ్యాసం రాయడానికి నాకు అర్హత వుందనుకుంటున్నాను. నేను మనుషుల వైద్యుణ్ణి కాను. పశువైద్యం చదువుకుంటున్న విద్యార్థిని మాత్రమే. కానీ నేను చెప్పబోయే జబ్బు విషయంలో మొదటి ఆలస్యం ఆసుపత్రిలో జరగదు, యింట్లో జరుగుతుంది. యింటి సంగతి మాట్లాడ్డానికి డాక్టరు పట్టా అక్కర్లేదు గదా!

ఆ జబ్బు పేరు రుమటాయిడ్ ఆర్థరైటిస్. మనవాళ్లు దీన్ని కీళ్లవాతం అంటారు. ఆ మాటతోనే సగం చిక్కు వచ్చిపడింది. మోకాళ్లు అరిగిపోయినా వాతమే, చికున్‌గున్యా జ్వరం తర్వాత మిగిలిన నొప్పులైనా వాతమే, నడుము పట్టేసినా వాతమే. అన్నిటికీ ఒకే పేరు పెట్టేసరికి అన్నిటికీ ఒకే మందు చాలుననుకుంటాం: నొప్పి మాత్ర, దాని మీద ఒక సూది.

మా అమ్మ కథ చెబుతాను. యిది ఒక్క మా అమ్మ కథే అయితే చెప్పేవాణ్ణి కాదు.

మాకు రెండు ఆవులుండేవి. తెల్లవారుజామున లేచి పాలు పితికి పాలకేంద్రానికి పంపడం అమ్మ పని. ఆ యేడు సంక్రాంతికి వాకిట్లో ముగ్గు తను వెయ్యలేదు, మా అప్ప చేత వేయించింది. "పెళ్లి కావాల్సిన పిల్ల, నేర్చుకోవాలి గదా" అంది. మేం నవ్వుకున్నాం. ఉగాది నాటికి చోడి అంబలి గిన్నె రెండు చేతులతో పట్టుకోవడం మొదలుపెట్టింది. వానాకాలం వచ్చేసరికి జాకెట్టు హుక్కులు పెట్టమని అప్పను పిలిచేది. ఇవన్నీ నేను సెలవులకు వెళ్లినప్పుడల్లా కళ్లారా చూశాను. చూశాను గానీ, కలిపి చూడలేదు.

దసరా సెలవుల్లో యింటికి వెళ్తే పెద్దావుకి పొదుగువాపు వచ్చింది. నాలుగో యేడు చదువుతున్నవాణ్ణి, పాఠం కొత్తగా వంటబట్టినవాణ్ణి, వెంటనే పొదుగు పట్టుకుని చూశాను. పాలు పూర్తిగా తియ్యడం లేదని తెలిసిపోయింది. పొదుగులో పాలు మిగిలిపోతే వాపు ముదురుతుందని మనం తరగతిలో చదువుకున్నదే. "అమ్మా, యెందుకు పూర్తిగా పితకడం లేదు?" అని కోప్పడ్డాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది: "యేళ్లు ముడుసుకోడం నేదు బాబూ. పొద్దున్నయితే అసలు నేదు. ఎండెక్కేక కూసింత నయం."

అప్పుడు పట్టుకున్నాను అమ్మ చెయ్యి. వేళ్ల మొదలు కణుపులు రెండు చేతులకీ ఒకేలా వాచి, మెత్తగా, వెచ్చగా వున్నాయి. కొంచెం నొక్కితే చెయ్యి లాక్కుంది. ఆవు పొదుగుని అంత జాగ్రత్తగా తడిమి చూసిన నేను, మా అమ్మ చేతిని తొమ్మిది నెలల్లో ఒక్కసారీ పట్టి చూడలేదు. ఆవుకి జబ్బు చేసింది గనక అమ్మ జబ్బు బయటపడింది. లేకపోతే యింకెన్నాళ్లు పట్టేదో!

ఆ తొమ్మిది నెలలూ అమ్మ వైద్యం లేకుండా వుందనుకోకండి. వూళ్లో సూది వేసే ఆయన వున్నాడు. వారానికి ఒకసారి సూది, రోజూ డైక్లోఫెనాక్ మాత్ర. సూది వేసిన రెండు రోజులు అమ్మ పరుగులు పెట్టేది. "బంగారం లాంటి మందు" అనేది. తర్వాత తెలిసింది, అది స్టెరాయిడ్. ఆయన పేరు నేను రాయను. తప్పు ఆయనొక్కడిదే కాదు గనక. అడగని మాదీ తప్పే, చదువుకున్న నాది మరీ తప్పు.

యిక్కడ మన శాస్త్రంలోని ఒక సంగతి గుర్తుచేస్తాను. యీ డైక్లోఫెనాక్ మనకు బాగా తెలిసిన పేరే. యీ మందు పడిన పశువుల కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చిపోతున్నాయని 2004లో శాస్త్రజ్ఞులు తేల్చారు. 2006లో మన దేశంలో పశువులకు ఆ మందు వాడకూడదని నిషేధించారు. రాబందు కోసం పశువుకి మానేసిన మందును మా అమ్మ తొమ్మిది నెలలు రోజూ మింగింది! మనిషి రాబందు కాదు, నిజమే. డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పినన్నాళ్లు వాడితే అది పనికొచ్చే మందే. కానీ నొప్పి మాత్రలు నెలల తరబడి మింగితే మనిషి మూత్రపిండాలకూ, కడుపుకూ చేటు అన్నది రుజువైన సంగతి. మన శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస వైపు ఉద్దానంలో యెన్ని యిళ్లు కిడ్నీ జబ్బుతో కూలిపోయాయో అందరికీ తెలుసు. ఆ జబ్బుకి మూలకారణం యిదీ అని యింకా తేలలేదు. కానీ అలాంటి ప్రాంతంలో నొప్పి మాత్రను పిప్పరమెంటు బిళ్లలా మింగే అలవాటు మనకు తగునా?

యింతకీ యీ జబ్బులో జరిగేదేమిటి? మన ఒంట్లో రోగాలతో పోరాడే వ్యవస్థ ఒకటుంది. బయటినుంచి వచ్చిన సూక్ష్మజీవుల్ని పట్టి చంపడం దాని పని. ఏ కారణం చేతనో అది దారితప్పి, కీలు లోపల వుండే పలుచని పొర మీదనే దాడికి దిగుతుంది. కంచే చేను మేసినట్టన్నమాట. ఆ పొర వాచి, మందమై, పక్కనున్న మృదులాస్థినీ, యెముకనీ కొరుక్కుతింటుంది. ఒకసారి కొరికిన యెముక తిరిగి మొలవదు. యెముక చెడడం మొదటి రెండేళ్లలోనే యెక్కువగా మొదలవుతుంది. అందుకనే డాక్టర్లు లక్షణాలు కనిపించిన మూడు నెలల లోపు అసలు మందు పడాలంటారు. ఆ మూడు నెలలు తలుపు తెరిచి వుంటుంది. తర్వాత మూసుకుపోతుందని కాదు గానీ, తొయ్యడం కష్టమవుతుంది.

పైగా యిది కీళ్లతో ఆగే జబ్బు కాదు. నీరసం, ఆకలి మందగించడం, రక్తహీనత వస్తాయి. యేళ్లు గడిచేకొద్దీ వూపిరితిత్తులకు, గుండెకు కూడా ముప్పు తెస్తుంది. యిది ముసలితనపు జబ్బూ కాదు. ముప్ఫై నుంచి అరవై యేళ్ల మధ్య, అనగా యింటికీ, పొలానికీ మనిషి యెక్కువ అవసరమైన వయసులోనే యెక్కువగా మొదలవుతుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెండుమూడు రెట్లు యెక్కువ. ఢిల్లీ దగ్గర పల్లెల్లో చేసిన ఒక సర్వే 1993లో అచ్చయింది. దాని ప్రకారం పెద్దవాళ్లలో నూటికి 0.75 మందికి యీ జబ్బు వుంది. తక్కువే అనిపిస్తుంది. కానీ రెండు వేల మంది పెద్దవాళ్లున్న వూరికి లెక్క వెయ్యండి, పదిహేను మంది! ఆ పదిహేను మందిలో పది పన్నెండు మంది ఆడవాళ్లే అయివుంటారు. ఆ వూళ్లో "వాతం" అని మూల కూర్చోబెట్టిన వాళ్లు వాళ్లే.

పొగ తాగడం యీ జబ్బు ముప్పును పెంచుతుందని నిరూపణ అయింది. మన తీరప్రాంత పల్లెల్లో ఆడవాళ్లు చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగడం మనకు తెలిసిందే. అంగిట్లో క్యాన్సరు వస్తుందని దాన్ని మానమంటున్నాం. కీళ్ల కోసమూ పొగ మానమని చెప్పాలి. అలాగే రాతి దుమ్ములోని సిలికా వూపిరితిత్తుల్లోకి పోతే ఊపిరితిత్తుల జబ్బు ఒక్కటే కాదు, యీ జబ్బు ముప్పూ పెరుగుతుంది. బ్రిటన్‌లో వేల్స్ బొగ్గుగని కార్మికుల్లో కీళ్ల జబ్బునూ, వూపిరితిత్తుల జబ్బునూ కలిపి గమనించి కాప్లన్ అనే డాక్టరు 1953లోనే రాశాడు. మాంగనీసు గనులతో, ఫెర్రో అల్లాయిస్ కర్మాగారంతో పేరు తెచ్చుకున్న గరివిడిలో చదువుతున్న మనం, క్వారీల్లో, క్రషర్ల దగ్గర పనిచేసేవాళ్లను చూసినప్పుడు యీ మాట గుర్తుంచుకోవాలి.

యిప్పుడు మందు సంగతి. యీ జబ్బుకి మొదట వాడే ముఖ్యమైన మందు పేరు మెథోట్రెక్సేట్. ప్రపంచమంతా వాడుతున్న యీ మందు వెనుక మన తెలుగువాడున్నాడని యెంతమందికి తెలుసు? ఆయన యెల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టాడు. మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో పనిచేశాడు. 1940లో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలలో చేరాడు. ఆయన నాయకత్వంలో అక్కడి శాస్త్రజ్ఞులు ఫోలిక్ ఆసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. తర్వాత ఆ ఫోలిక్ ఆసిడ్ పనిని అడ్డుకునే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అనే మందులు కూడా అక్కడే పుట్టాయి. 1948లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సరు వచ్చిన పిల్లలకు అమినోప్టెరిన్ యిచ్చి, కొందరిలో జబ్బు తాత్కాలికంగా తగ్గిందని ప్రకటించాడు. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు. నోబెల్ బహుమతి రాలేదు. మన దేశం 1995లో ఆయన బొమ్మతో తపాలా బిళ్ల వేసింది.

1951లో గబ్నర్ అనే డాక్టరు అమినోప్టెరిన్‌ను కీళ్లవాతం వాళ్లకు యిచ్చి మంచి ఫలితం చూశాడు. మరి అప్పుడే యీ మందు అందరికీ అందిందా? లేదు! అప్పటికే కార్టిజోన్ వచ్చింది. అమెరికాలో మేయో క్లినిక్‌లో 1948లో మంచం పట్టిన ఒక రోగికి కార్టిజోన్ యిస్తే లేచి నడిచింది. ప్రపంచం అబ్బురపడింది. దానికి 1950లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఆ వెలుగులో గబ్నర్ మాట యెవరికీ కనిపించలేదు. తర్వాత కొద్ది యేళ్లకే స్టెరాయిడ్ల అసలు రంగు బయటపడింది. యెముకలు గుల్లబారడం, షుగరు రావడం, ముఖం ఉబ్బడం, కంట్లో శుక్లం, చిన్న గాయమైనా మానకపోవడం. అయినా మెథోట్రెక్సేట్ మీద గట్టి పరీక్షలు 1980ల దాకా జరగలేదు. కీళ్లవాతానికి అమెరికా ప్రభుత్వం దాన్ని అధికారికంగా ఒప్పుకున్నది 1988లో. 1951 నుంచి 1988కి ముప్ఫై యేడేళ్లు!

యీ చరిత్ర చదివినప్పుడు నాకు మా వూరే కనిపించింది. రెండు రోజుల్లో లేచి పరుగెత్తించే మందు మీద మోజుతో, నెమ్మదిగా పనిచేసి నిలబెట్టే మందును ప్రపంచం మొత్తం పక్కన పెట్టింది. మా అమ్మ చేసిందీ అదే. శాస్త్రజ్ఞులే అంత మోసపోతే, పాలకేంద్రానికి వేళవుతోందని సూది వేయించుకున్న మా అమ్మనేమనగలం? అలాగని స్టెరాయిడ్ అంటేనే పాపమని కూడా నేననను. విశాఖపట్నంలో అమ్మను చూసిన కీళ్ల వైద్య నిపుణురాలు కూడా మొదటి కొన్ని వారాలు చిన్న మోతాదులో అదే యిచ్చి, అసలు మందు పనిచెయ్యడం మొదలయ్యాక క్రమంగా తగ్గించి మాన్పించారు. చిక్కు మందులో లేదు. పేరు చెప్పకుండా, లెక్క లేకుండా, అసలు మందు లేకుండా అదొక్కటే వెయ్యడంలో వుంది.

మెథోట్రెక్సేట్ గురించి ప్రతివాళ్లూ తెలుసుకోవలసిన నాలుగు మాటలు చెప్పాలి. ఒకటి, యీ జబ్బుకి అది వారానికి ఒక్క రోజే వేసుకోవలసిన మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అమ్మకి మరచిపోకుండా మా వూరి సంత రోజున పెట్టుకున్నాం. ఆవిడ దానికి "సంత మాత్ర" అని పేరు పెట్టుకుంది. రెండు, దానితోపాటు డాక్టరు చెప్పిన రోజున ఫోలిక్ ఆసిడ్ మాత్ర కూడా వుంటుంది. సుబ్బారావు గారి రెండు మందులూ మా యింటి గూట్లో పక్కపక్కనే వున్నాయి! మూడు, గర్భంతో వున్నవాళ్లు, పిల్లలు కావాలనుకునేవాళ్లు వాడకూడదు, ముందే డాక్టరుకి చెప్పాలి. సారా అలవాటున్నవాళ్లు కూడా చెప్పాలి. నాలుగు, కాలేయం, రక్తకణాలు సరిగా వున్నాయో లేదో చూడ్డానికి వేళకు రక్తపరీక్షలు చేయించుకోవాలి. పని కనిపించడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది, కనుక ఓపిక పట్టాలి. ఖరీదంటారా? మా అమ్మ వారపు మాత్రలకు అయ్యేది హోటల్లో ఒక ప్లేటు టిఫిను ఖరీదుకు అటూయిటూగా వుంటుంది. ఇది మన దేశపు అత్యవసర మందుల జాబితాలో వున్న మందు.

మందు మొదలైన రెండో నెలలో ఒక ముచ్చట జరిగింది. మందుల చీటీ చూసిన ఒక బంధువు "యిది క్యాన్సరు మందు కదే!" అన్నాడు. అంతే. అమ్మ మాకు చెప్పకుండా మానేసింది. "నాకు క్యాన్సరని మీరంతా దాస్తన్నారు" అని రాత్రిళ్లు యేడ్చేదట. నెల తిరిగేసరికి మణికట్లు మళ్లీ వాచాయి. క్యాన్సరుకి యిచ్చే మోతాదు వేరు, దీనికి యిచ్చేది అందులో చాలా చిన్న భాగం అని నేను కూర్చుని చెప్పేదాకా తెలియలేదు. యీ మాట మొదటి రోజే చెప్పవలసింది. వైద్యం మొదలెట్టడం ఒక యెత్తు, నిలబెట్టడం ఒక యెత్తు.

యిప్పుడు అమ్మ బాగానే వుంది. పొద్దున్న లేవగానే చేతులు ముడుచుకుంటాయి. ముగ్గు వేస్తుంది. కిందటేడు పైడితల్లి అమ్మవారి సిరిమానుకి విజయనగరం వచ్చి, జనంలో నిలబడి చూసింది. కానీ కుడిచేతి రెండు వేళ్లు వంకరపోయాయి. అవి యిక తిన్నగా రావని డాక్టరు చెప్పారు. రెండావుల్లో ఒకదాన్ని అమ్మేశాం. ఆ రెండు వేళ్లూ, ఆ ఆవూ మా ఆలస్యానికి మేం కట్టిన జరిమానా.

ఫ్రాన్సు దేశపు గొప్ప చిత్రకారుడు రెన్వార్‌కి యిదే జబ్బు. చేతులు వంకరపోయినా 1919లో చనిపోయేదాకా బొమ్మలు వేస్తూనే వున్నాడని గొప్పగా చెప్పుకుంటాం. ఆ పట్టుదలకు నమస్కారం. కానీ ఆయన కాలంలో మందు లేదు. మందు వుండి కూడా మన తల్లుల ఓర్పుని పరీక్షించడం గొప్ప కాదు, అన్యాయం.

యీ విషయం మన అధ్యాపకులతో చర్చించినప్పుడు ఒకరు మంచి ప్రశ్న వేశారు: "నొప్పి అన్న ప్రతివాణ్ణీ పరీక్షలకు పంపితే జనం బెంబేలెత్తరూ? కీళ్ల నిపుణులు యెంతమంది వున్నారు? పరీక్ష డబ్బులెవరిస్తారు?" నిజమే. నేను ప్రతి నొప్పికీ పరీక్ష అనడం లేదు. రక్తంలో రుమటాయిడ్ ఫ్యాక్టర్ అనే పరీక్ష వొక్కటే చూసి జబ్బు వుందనీ, లేదనీ తేల్చకూడదు కూడా. జబ్బున్నవాళ్లలో నలుగురిలో ఒకరికి అది కనిపించకపోవచ్చు. జబ్బు లేని పెద్దవయసు వాళ్లలో, వేరే జబ్బులున్నవాళ్లలో కనిపించవచ్చు. యాంటీ సిసిపి అనే పరీక్ష యింకొంచెం నికరమైనది, కానీ అదీ ఒంటరిగా సాక్ష్యం కాదు. డాక్టరు చెయ్యి పట్టి చూడాలి. ఆ డాక్టరు దాకా యెవరు వెళ్లాలి అన్నదే మన ప్రశ్న.

దానికి మూడు ప్రశ్నలు చాలు. వేళ్ల కణుపులో, మణికట్లో, కాలివేళ్లో, నొప్పి మాత్రమే కాదు, వాపు వుందా? పొద్దున్న లేచాక చేతులు పట్టేసి, వదలడానికి అరగంట దాటుతోందా? యిది ఆరు వారాలుగా వుందా? మూడింటికీ అవునంటే వెళ్లాలి. రెండు చేతులకీ ఒకేలా వుంటే మరీ త్వరగా వెళ్లాలి. మోకాళ్లు అరిగినవాళ్లకు నడిస్తే నొప్పి యెక్కువవుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. పొద్దున్న బిగింపు కొద్ది నిమిషాల్లో పోతుంది. యీ జబ్బువాళ్లకు అందుకు తిరగబడి వుంటుంది, కూర్చుంటే బిగుస్తుంది, కదిలితే వదులవుతుంది. చికున్‌గున్యా 2006లో మన రాష్ట్రాన్ని వూపేసినప్పుడు యెందరికో నెలల తరబడి కీళ్లు వాచాయి. అది జ్వరంతో మొదలవుతుంది, చాలామందిలో తనంత తానే తగ్గుతుంది. తగ్గకుండా వాపు వుండిపోతే దాన్నీ చూపించుకోవలసిందే.

యిక మన కళాశాల చెయ్యగలిగింది చెబుతాను. మనం యేటా పల్లెల్లో పశువైద్య శిబిరాలు పెడతాం. ఎన్.ఎస్.ఎస్. శిబిరాల్లో వారం రోజులు వూళ్లోనే వుంటాం. పశువుల్ని పట్టుకుని వచ్చేవాళ్లలో ఆడవాళ్లు యెక్కువ. ఆవుని చూసేటప్పుడు దాని నడకకు 1 నుంచి 5 దాకా మార్కులు వేస్తాం. తాడు పట్టుకున్న చేతిని కూడా ఒక్కసారి చూద్దాం. "అమ్మా, పాలు పితకడానికి వేళ్లు వంగుతున్నాయా?" అని అడుగుదాం. పాలు పితికే మనిషికి యిది యెంత సహజమైన ప్రశ్నో చూడండి! "కీళ్లవాతం వుందా?" అంటే సిగ్గుపడి లేదంటుంది. పాల సంగతి అడిగితే నిజం చెబుతుంది. అవునంటే మనం మందు యివ్వకూడదు, సలహా కూడా రాయకూడదు. అది మన పని కాదు. ఒక చీటీ మీద మూడు ప్రశ్నలకు జవాబులు రాసి, దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లమని యింటి మగవాళ్ల ముందర చెప్పాలి. మగవాళ్ల ముందర అని యెందుకంటున్నానంటే, బస్సు చార్జీ వాళ్ల జేబులో వుంటుంది గనక.

వైద్యం అందుబాటు విషయంలో మనం మునుపటికన్నా నయం. విశాఖలో కింగ్ జార్జి ఆసుపత్రి యెప్పటినుంచో వుంది. విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో మొదలైంది. పలాసలో కిడ్నీ జబ్బుల కోసం పెద్దాసుపత్రి అదే సంవత్సరం వచ్చింది. గరివిడి స్టేషన్లో రైలెక్కితే విజయనగరం యెంత దూరం? వూళ్లో ఆరోగ్య సిబ్బంది యింటింటికీ వచ్చి బీపీ, షుగరు చూస్తున్నారు. ఆ పుస్తకంలో "వేళ్లు వాచాయా?" అనే ఒక్క గడి చేర్చమని మన విద్యార్థి సంఘం జిల్లా అధికారులకు వినతిపత్రం యివ్వాలని నా అభిప్రాయం. దానికి యంత్రం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు.

కొందరు మిత్రులు అనవచ్చు, పశువైద్యులకు యిదంతా యెందుకని. రైతు యింట్లో అడుగుపెట్టి, గోశాల దాకా వెళ్లి, కూర్చుని మాట్లాడే చదువుకున్న మనిషి యీనాడు యెవరు? పశువైద్యుడే. మనుషుల డాక్టరు దగ్గరికి మనిషి వెళ్లాలి. మనం మాత్రం వాళ్ల యింటికే వెళ్తాం. ఆ యింట్లో పశువు బాగోగులన్నీ చూసే మనిషి బాగోగు ఒక్కసారి అడిగి రావడం మన వృత్తికి బరువు కాదు.

ఆఖరుగా నా తోటి విద్యార్థులకు ఒక మనవి. యీ సంక్రాంతికి మీరంతా యిళ్లకు వెళ్తారు. వెళ్లిన మర్నాడు పొద్దున్నే, ఎండెక్కకముందే లేవండి. అమ్మ పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి మీ చేతిలోకి తీసుకోండి. పిడికిలి బిగించమనండి. వేళ్ల కణుపులు మెల్లగా నొక్కి చూడండి. యేమీ లేకపోతే అమ్మ చెయ్యి పట్టుకున్న పుణ్యం దక్కుతుంది. యేదైనా వుంటే, నేను తొమ్మిది నెలలు ఆగినట్టు మీరు ఆగకండి.